లైటు ఆపని మనిషి

సెల్ఫ్ కొట్టగానే బండి చేసే చప్పుడు విని జబ్బేమిటో చెప్పేస్తాడని మేస్త్రికి ఆ చుట్టుపక్కల పేరు. గర్రుగర్రుమని సాగదీస్తే ఒక జబ్బు, టిక్కుమని ఒక్కసారి అని ఊరుకుంటే ఇంకో జబ్బు, టకటకమని పళ్ళు కొరికితే మూడోది. మీటరు పెట్టకముందే చెబుతాడు. పెట్టాక చాలాసార్లు అదే తేలుతుంది. ఇరవై ఏళ్ళుగా ఇలా జరుగుతోంది కాబట్టి తన చెవి మీద ఆయనకు కాస్త గర్వం ఉంది. నోటితో ఎప్పుడూ చెప్పుకోడు గానీ, సెల్ఫ్ కొట్టమని కళ్ళు మూసుకుని తల పక్కకు వంచే తీరులో అది కనిపిస్తూనే ఉంటుంది. ఆయన భార్య దాన్ని కచేరీ అంటుంది.

ఆ సోమవారం పొద్దున కచేరీ పళ్ళ డాక్టరు గారి ఇంటి కింద, కార్లు పెట్టుకునే చోట జరిగింది. డ్రైవింగు సీట్లో నిదానం కూర్చుని ఉన్నాడు. అది అతనికి వీధి పెట్టిన పేరు. హారన్ కొట్టడు, ఎవరినీ దాటిపోడు, ఎదుటి బండివాడు తిట్టినా ముందు వాడికి దారిచ్చి ఆ తర్వాతే కదులుతాడు. యాభై ఆరేళ్ళ మనిషి. పదకొండేళ్ళుగా డాక్టరు గారి కారు మీద గోరంత గీత పడనివ్వలేదు. డాక్టరు గారు పక్కన నిలబడి వాచీ చూసుకుంటున్నారు. నోట్లో సగం పని అయిన పేషెంటు ఒకడు తొమ్మిదింటికల్లా వచ్చి కూర్చుంటాడు.

"కొట్టు," అన్నాడు మేస్త్రి.

నిదానం తాళం తిప్పాడు. టకటకటక అంది. డాష్‌బోర్డు మీద దీపాలు ఒక్కసారి మసకగా వెలిగి ఆరిపోయాయి.

మేస్త్రి కళ్ళు తెరిచాడు. "బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది సార్. బ్యాటరీలో మాత్రం లోపం లేదు, పోయిన సోమవారమే షాపుకు పట్టుకెళ్ళి రోజంతా పరీక్ష చేశాను కదా. లైటేదో ఆపకుండా వదిలేశారు."

ఎవరు వదిలేశారో ఆయన చెప్పలేదు. చెప్పే అవసరం కూడా రాలేదు. డాక్టరు గారు సీటు వైపు చూశారు.

నిదానం డోరు తీసుకుని దిగాడు. "నేను ఆపాను సార్. శనివారం మధ్యాహ్నం బండి పెట్టి, అన్నీ ఆపి, చుట్టూ ఒకసారి తిరిగి చూసి, తాళాలు అమ్మగారి చేతికిచ్చి వెళ్ళాను."

"ఇది మూడో సోమవారం."

"మూడుసార్లూ ఆపాను సార్."

గేటు దగ్గర మొక్కలకు నీళ్ళు పెడుతున్న వాచ్‌మన్ పైపును ఒకే మొక్క మీద పట్టి ఇటు చూస్తున్నాడు. పై అంతస్తు వాళ్ళ డ్రైవరు తన కారు అద్దం తుడుస్తూ తుడుస్తూ ఆగాడు. మేస్త్రికి ఆ మౌనం ఇబ్బందిగా అనిపించింది. నిదానాన్ని గట్టెక్కిద్దామనే ఉద్దేశంతోనే, "ఒక్కోసారి మర్చిపోతాం లెండి సార్, మనుషులం కదా," అన్నాడు. ఆ మాటతో కాస్తో కూస్తో మిగిలిన అనుమానం కూడా తీరిపోయింది.

"నేను మర్చిపోలేదు," అన్నాడు నిదానం.

"అంటే మేస్త్రి అబద్ధమాడుతున్నాడా?" అన్నారు డాక్టరు గారు.

"మేస్త్రి సంగతి నాకు తెలియదు సార్. నేను ఆపాను."

డాక్టరు గారు గొంతు పెంచే మనిషి కాదు. రోజంతా నోళ్ళు తెరుచుకుని భయపడుతున్న మనుషులతో మాట్లాడే గొంతు అది. అదే గొంతుతో, "డిక్కీలోకి వాన నీళ్ళు రావడం ఆగిందిరా అనుకుంటే ఇదొకటి పట్టుకుంది," అన్నారు మేస్త్రితో. తర్వాత నిదానం వైపు తిరిగి, "తాళాలు ఇటివ్వు. రేపట్నుంచి రానక్కర్లేదు," అన్నారు.

నిదానం తాళాలిచ్చాడు. కారులోంచి తన కళ్ళజోడు పెట్టె, నీళ్ళ సీసా, తుడుపు గుడ్డ తీసుకున్నాడు. గుడ్డ మడత పెట్టి, ముందు అద్దం మూల ఏదో మరక కనిపిస్తే మళ్ళీ మడత విప్పి దాన్ని తుడిచి, మళ్ళీ మడిచాడు. గేటు దాకా నడిచే నడకలో కూడా తొందర లేదు. మేస్త్రి తాను తెచ్చిన బ్యాటరీకి వైర్లు తగిలించి బండి లేపి పంపించాడు. క్లిప్పులు చుట్టి స్కూటరు మీద పెట్టుకుంటున్నప్పుడు వాచ్‌మన్, "పాపం ముసలోడు, వయసైపోతే మరుపొస్తుంది మేస్త్రీ," అన్నాడు. మేస్త్రి స్కూటరు స్టార్టు చేశాడు.

*

మేస్త్రి షాపు రెండు గదుల పొడుగు. ముందు గదిలో ఆయన బల్ల, వెనక గదిలో ఛార్జింగు. వెనక గదికి యజమానురాలు ఆయన భార్య. చెక్క పలకల మీద వరసగా పెట్టిన బ్యాటరీల మూతలు తీసి, గాజు గొట్టంలోకి యాసిడ్ లాగి, లోపల తేలే పుల్ల ఎంత పైకి లేచిందో చూసి, తగ్గినవాటిలో నీళ్ళు పోస్తుంది. చేతులకు మోచేతుల దాకా రబ్బరు తొడుగులు. ఆమె చీరల మీద యాసిడ్ చుక్కలు పడి కాలిన చిన్నచిన్న చిల్లులుంటాయి. ఈ ఇంటికి వచ్చినందుకు మిగిలిన నగిషీ ఇదేనని చూపించి నవ్వుతుంది.

మంగళవారం పదకొండింటికి నిదానం వచ్చి ముందు గదిలో బల్ల మీద కూర్చున్నాడు. ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు, పనికి వెళ్ళేటప్పుడు వేసుకునేదే. మేస్త్రి ఒక డైనమో విప్పుతున్నాడు.

"రా నిదానం. టీ తాగుతావా?"

"తాగాను. నిన్ను ఒకటి అడిగి పోదామని వచ్చాను. లైటు వదిలేశానని చప్పుడును బట్టి ఎలా చెప్పావు?"

అతను కోపంగా అడగలేదు. దారి అడిగినట్టు అడిగాడు. అందుకే మేస్త్రి తడబడ్డాడు. "చప్పుడు బ్యాటరీ దిగిందని చెబుతుంది. బ్యాటరీ మంచిదైతే, దిగడానికి ఏదో ఒకటి వెలుగుతూ ఉండాలి. వెలుగుతూ ఉందంటే ఎవరో ఆపలేదు. అంతేగా మరి."

వెనక గదిలోంచి ఆయన భార్య గాజు గొట్టం చేత్తో పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. "మీరు వెళ్ళేసరికి లైటు స్విచ్చు వేసి ఉందా?"

"బ్యాటరీ చచ్చాక లైటెలా కనిపిస్తుందే?"

"నేను లైటు అడగలేదు. స్విచ్చు అడిగాను. లైటు ఆరిపోయినా స్విచ్చు వేసిందేసినట్టే ఉంటుంది కదా."

మేస్త్రి స్క్రూడ్రైవరు తిప్పడం ఆపాడు. ఆయన చూడలేదు. నేరుగా వెళ్ళి, బానెట్ మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకున్నాడు.

"ఆపేసి ఉందమ్మా," అన్నాడు నిదానం ఆమెతో. "కూర్చోగానే ముందు అదే చూశాను. పెద్ద లైటు, లోపలి లైటు, అన్నీ ఆపేసే ఉన్నాయి. చెబుదామంటే ఎవరూ అడగలేదు."

అప్పుడే 'పొరపాటు పడ్డాను' అని ఉంటే సరిపోయేది. మేస్త్రికి ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. కానీ ఇరవై ఏళ్ళ చెవి ఊరుకోలేదు. "నువ్వు కూర్చోగానే గుర్తొచ్చి ఆపేసి ఉండొచ్చు కదా," అన్నాడు.

నిదానం కాసేపు ఆయన ముఖంలోకి చూశాడు. "అదీ నిజమే," అని లేచాడు. "ఉండొచ్చు. ఈ పొద్దున రెండిళ్ళకు వెళ్ళాను పని అడగడానికి. పదకొండేళ్ళు చేసినచోట ఎందుకు మానేశావని అడిగారు ఇద్దరూ. డాక్టరు గారికి ఫోన్ చేశారు. చేసి, కబురు చేస్తాం వెళ్ళమన్నారు. ఈ వయసులో నాకు మరుపు జబ్బుందని ఊళ్ళో పాకితే స్టీరింగు ఎవరిస్తారు మేస్త్రీ? అదొక్కటే నాకు వచ్చిన పని."

అతను వెళ్ళాక మేస్త్రి భార్య చాలాసేపు గుమ్మంలోనే ఉంది. "అన్నయ్య ముఖం మీద అలా ఎలా అన్నారండీ?" అంది.

"మాట వరసకన్నాను."

"నిన్న కూడా మాట వరసకేగా అన్నారు," అని ఆమె బ్యాటరీల దగ్గరికి వెళ్ళిపోయింది.

*

శుక్రవారం పొద్దున మళ్ళీ డాక్టరు గారి దగ్గర్నుంచి ఫోన్. బుధవారం తనే నడుపుకుని క్లినిక్కుకు వెళ్ళొచ్చారట. గురువారం ఒంట్లో బాగోక ఇల్లు కదల్లేదట. ఇవాళ తాళం తిప్పితే అదే వరస.

మేస్త్రి వెళ్ళాడు. ఈసారి సీట్లో డాక్టరు గారే ఉన్నారు. తాళం తిప్పారు. టకటకటక అంది. డాష్‌బోర్డు దీపాలు మసకగా వెలిగి ఆరిపోయాయి. సోమవారం చప్పుడుకూ దీనికీ వెంట్రుకవాసి తేడా లేదు. ఆ సంగతి మేస్త్రి చెవికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

"నేనేమైనా లైటు వదిలేశానంటావా?" అన్నారు డాక్టరు గారు అద్దంలోంచి తల బయటపెట్టి.

"అబ్బే, మీరెందుకు వదిలేస్తారు సార్," అన్నాడు మేస్త్రి. "బ్యాటరీకి వయసైపోయి ఉంటుంది. వైరింగులో ఎక్కడైనా కరెంటు కారుతోందేమో కూడా. షాపుకు తీసుకెళ్ళి చూస్తాను."

అనేశాక గానీ ఆ మాట తన చెవిన పడలేదు. చప్పుడు అదే, బండి అదే, స్థలం కూడా అదే. సీట్లో మనిషి మారేసరికి జబ్బు పేరు మారిపోయింది. ఎవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. నాలుక దానంతటదే పక్కకు తిరిగింది. మేస్త్రికి చెవుల దాకా వేడెక్కింది. అది సిగ్గేనని, ఇంకేమీ కాదని ఆయనకు బాగానే తెలిసింది. స్విచ్చు వైపు చూశాడు. ఆపేసి ఉంది. లోపలి లైటు చూశాడు. అదీ ఆపేసి ఉంది. మొదటి సోమవారం చూడాల్సినవి ఇప్పుడు చూసి, వైర్లు తగిలించి బండి లేపుకుని షాపుకు తోలుకొచ్చాడు.

వచ్చేసరికి నిదానం బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

"నేనే ఫోన్ చేసి రమ్మన్నాను," అంది ఆయన భార్య, అడగకముందే. "ఆ బండి సంగతి మీకంటే ఆయనకు ఎక్కువ తెలుసు. మీరు చెవితో వింటారు, ఆయన కళ్ళతో చూస్తాడు."

మేస్త్రి బ్యాటరీని ముందు నిండా ఛార్జి చేయించాడు. మధ్యాహ్నం రెండింటికి మళ్ళీ బండిలో కూర్చోబెట్టి, డోర్లన్నీ మూసి, తాళం జేబులో వేసుకున్నాడు. బానెట్ ఒక్కటే ఎత్తి, బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీసి, ఆ వైరుకూ బ్యాటరీకీ మధ్య మీటరు పెట్టాడు. ఇప్పుడు బండిలోకి వెళ్ళే కరెంటంతా మీటరు గుండా వెళ్ళాల్సిందే. నిద్రపోయే బండి గుక్కెడు కూడా తాగకూడదు. ముగ్గురూ కాసేపు ఆగి చూశారు. ముల్లు అర ఆంపియరు దగ్గర్లో నిలబడి కిందికి దిగలేదు.

"తాగుతోంది," అన్నాడు మేస్త్రి. "రోజూ తిరిగితే తాగింది తాగినట్టు నిండిపోతుంది. రెండు రోజులు కదలకపోతే ఖాళీ."

"శని, ఆదివారాలు," అన్నాడు నిదానం.

"శని, ఆదివారాలు," అన్నాడు మేస్త్రి.

మేస్త్రి ఫ్యూజులు ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టాడు. నిదానం కళ్ళజోడు తగిలించుకుని మీటరు మీదికి వంగాడు. పీకినప్పుడల్లా చదువుతున్నాడు. హారన్ ఫ్యూజుకు "అదే ఉంది" అన్నాడు. వైపర్లకు "అదే ఉంది." రేడియోకు "కొంచెం ఊగింది, మళ్ళీ అదే." పెద్ద లైట్ల ఫ్యూజు పీకేటప్పుడు మేస్త్రి చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

"అదే ఉంది," అన్నాడు నిదానం, మిగతావి చదివినట్టే చదివాడు.

తొమ్మిదో ఫ్యూజుకు, "పడిపోయింది," అన్నాడు. "సున్నా దగ్గరికి వచ్చేసింది."

అది లోపలి దీపాల ఫ్యూజు. అద్దంలోంచి చూస్తే లోపలి దీపం ఆరే ఉంది. మేస్త్రి ఫ్యూజు మళ్ళీ పెట్టాడు. ముల్లు లేచింది. లోపల చీకటిగానే ఉంది. ఎక్కడ వెలుగుతోందో తెలియదు గానీ ఏదో వెలుగుతోంది. ఆయన తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"డిక్కీలో దీపం ఉండదా?" అంది ఆయన భార్య.

"ఉంటుంది. మూత వేస్తే ఆరిపోతుంది."

"ఆరిపోతుందని ఎవరు చూశారు? మా ఇంట్లో ఫ్రిజ్ లైటు సంగతే నాకింతవరకు తెలియదు. ఫోన్‌లో వీడియో పెట్టి లోపల పడేద్దామా?"

"ఫోన్ ఎందుకమ్మా," అన్నాడు నిదానం. "నేను చూస్తాను."

మేస్త్రి వద్దనబోయాడు. అప్పటికే నిదానం చెప్పులు విడిచాడు, చొక్కా చేతులు పైకి మడిచాడు. డిక్కీ ఎత్తగానే లోపల మూలన చిన్న దీపం వెలుగుతూ కనిపించింది, తెరిస్తే వెలగాల్సిందే కాబట్టి అందులో వింత లేదు. అతను స్టెప్నీ మీద పరిచిన మ్యాటును సరిచేసి, ఒక కాలు పెట్టి, రెండో కాలు పెట్టి, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని పక్కకు పడుకున్నాడు. పదకొండేళ్ళు రోజూ అతనే తుడిచిన చోటు అది.

"ఆరితే ఒకసారి కొడతాను, వెలిగితే రెండుసార్లు," అన్నాడు. "వెయ్యి."

మేస్త్రి మూత పట్టుకున్నాడు. మనిషి మీద మూత వెయ్యడం ఆయనకు ఎలాగో అనిపించింది. మెల్లగా దించి, చివర అరచేత్తో నొక్కాడు. తాళం పడిన చప్పుడు వచ్చింది. ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

లోపల్నుంచి ఒక దెబ్బ వినిపించింది. వెంటనే ఇంకొకటి.

మేస్త్రి గబగబా తాళం తియ్యబోయాడు. "ఆగు," అంది లోపలి గొంతు. దుప్పటి కింద నుంచి మాట్లాడినట్టుంది. "తియ్యొద్దు. వెలుతురుంది కదా, ఎందుకు వెలుగుతోందో కూడా చూడనీ."

ఎంతసేపయిందో గానీ మేస్త్రికి చాలాసేపు అనిపించింది. లోపల ఒళ్ళు కదిలిన చప్పుడు, ఊపిరి చప్పుడు. తర్వాత నిదానం తన పద్ధతిలో, ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. "దీపం స్విచ్చు పుల్ల కనిపిస్తోంది. మూత దాన్ని తాకింది. కానీ పూర్తిగా నొక్కలేదు. గింజంత సందు మిగిలింది. మూత ఇంకా దిగాలి, దిగకుండా అంచు రబ్బరు అడ్డంగా ఉంది. మందంగా ఉంది." ఆగాడు. "రబ్బరు కొత్తది మేస్త్రీ."

ఆ రబ్బరు వేసింది మేస్త్రే. నెల కిందటి వానలకు డిక్కీలోకి నీళ్ళొస్తున్నాయంటే పాత రబ్బరు పీకి కొత్తది అంటించాడు. ఈ బండికి సరిపోయేది దుకాణంలో దొరక్కపోతే, కాస్త మందంగా ఉన్నా మంచిదే, చుక్క కూడా దిగదు అనుకుని వ్యాను డోరుకు వేసే రబ్బరు కోసి వేశాడు. ఆయన భార్య అవతలి కొస పట్టుకుంది. చుక్క కూడా దిగలేదు, ఆ మాట నిజం. ఆ తర్వాత వచ్చిన మొదటి సోమవారం నుంచే బండి మొరాయించింది.

ఆయన తాళం తీసి మూత ఎత్తాడు. నిదానం చెయ్యి అందుకోకుండానే లేచి, దిగి, మోకాళ్ళు దులుపుకున్నాడు. చొక్కా ఇస్త్రీ నలిగిపోయింది. ముఖంలో గెలిచానన్న ధీమా ఏమైనా కనిపిస్తుందేమోనని మేస్త్రి చూశాడు. అలసట తప్ప ఏమీ లేదు.

"డాక్టరు గారికి చెప్తావా?" అన్నాడు నిదానం.

"చెప్తాను."

"నా లైటు కాదని చెప్తే చాలు నాకు. స్విచ్చు పాడైందని చెప్పుకో, రబ్బరు సంగతి నీ ఇష్టం. సోమవారం నుంచి మళ్ళీ వస్తానని కూడా చెప్పు. కొత్త బండి, కొత్త మనుషులు, ఇప్పుడు నాకు అలవాటు కావు."

*

శుక్రవారం సాయంత్రమంతా మేస్త్రి ఆ రబ్బరు పీకడంలోనే గడిపాడు. జిగురు గట్టిగా పట్టింది. తన చేతి పని గట్టిదని మొదటిసారి తిట్టుకున్నాడు. శనివారం పొద్దున సరైన రబ్బరు తెప్పించి వేసి, మీటరు పెట్టి, ముల్లు సున్నా దగ్గర పడుకోవడం చూసి, బండి తోలుకుని డాక్టరు గారింటికి బయల్దేరాడు.

దారి పొడుగునా స్విచ్చు పాడైందనే చెబుదామనుకుంటూ వెళ్ళాడు. నిదానమే చెప్పాడు కదా. అందులో అబద్ధం కూడా పెద్దగా లేదు, స్విచ్చు పని చెయ్యలేదన్నది నిజమేగా. గేటులోకి మలుపు తిప్పుతుంటే వాచ్‌మన్ నవ్వుతూ, "ఇప్పుడు సరిపోయింది మేస్త్రీ, లైటు ఆపని మనిషి పోయాడు," అన్నాడు. ఆ మాట విన్నాక స్విచ్చు కథ ఆయన నోట్లోకి రాలేదు.

డాక్టరు గారి హాల్లో నిలబడి, చేతులు తుడుచుకున్న గుడ్డ నలుపుతూ ఉన్నదున్నట్టు చెప్పాడు. రబ్బరు తనదేనని, మందం తనే చూసుకోలేదని, మూడు సోమవారాలూ ఒక్కసారి కూడా స్విచ్చులు చూడకుండా మాట అనేశానని, నిదానం తప్పు ఒక్కటి కూడా లేదని చెప్పాడు. చెబుతున్నంతసేపూ నేల వైపే చూశాడు.

డాక్టరు గారు పత్రిక మడిచి పక్కన పెట్టారు. మెల్లగా నవ్వు మొదలైంది. "నువ్వు భలేవాడివి మేస్త్రీ. మా వృత్తిలో అయితే పక్క పన్ను పీకినా ఇదీ పుచ్చిందేనండీ అంటాం. నీ అంతట నువ్వు వచ్చి నాదే తప్పంటావా! ఇలాంటి మనుషులు ఇంకా ఉన్నారా?" అని లోపలికి కేకేసి భార్యను పిలిచారు. ఆవిడ వచ్చాక మళ్ళీ మొదట్నుంచి చెప్పారు. ఆవిడ టీ ఇచ్చింది. తన తమ్ముడి బండి కూడా మేస్త్రికే చూపించమంటానంది. మేస్త్రికి ఇదంతా చొక్కా తిరగేసి వేసుకున్నట్టు అనిపించింది.

"అయితే సోమవారం నుంచి నిదానాన్ని రమ్మంటాను సార్," అన్నాడు కప్పు కింద పెడుతూ.

డాక్టరు గారు తల అడ్డంగా ఊపారు. విసుగు లేదు ఆ ఊపులో. "లేదు మేస్త్రీ. ఇంకొకతనికి మాటిచ్చేశాను."

"అతని తప్పు లేదు కదా సార్."

"బ్యాటరీ గురించి తీసేశాననుకుంటున్నావా? బ్యాటరీ ఎంత, దాని బతుకెంత. వాచ్‌మన్ ముందు, పై వాళ్ళ డ్రైవరు ముందు, నా మాటకు మాట ఎదురు చెబుతూ నిలబడ్డాడు. పొరపాటైంది సార్ అని ఒక్క ముక్క అనుంటే ఆ పూటే మర్చిపోయేవాణ్ణి."

"పొరపాటు కాలేదు కదా సార్ అతని వల్ల."

"కాకపోయినా," అన్నారు డాక్టరు గారు.

*

షాపుకు తిరిగొచ్చేసరికి నిదానం బల్ల మీదే ఉన్నాడు. ఆ పూట కూడా ఇస్త్రీ చొక్కానే. మేస్త్రి భార్య చేతి తొడుగులు తీసేసి అతని పక్కనే ఇంకో కుర్చీలో కూర్చుంది. మేస్త్రి నిలబడే చెప్పాడు. ఏదీ దాచలేదు. నవ్వు, టీ, తమ్ముడి బండి కూడా చెప్పాడు, చెప్పకపోతే మళ్ళీ ఇంకోటి దాచినట్టవుతుందని.

నిదానం విన్నాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో ఒక అద్దం తుడిచాడు, తర్వాత రెండోది తుడిచాడు.

"నువ్వు చేసిన తప్పు ఒప్పుకున్నావు, మంచివాడివయ్యావు," అన్నాడు. "నేను చెయ్యని తప్పు ఒప్పుకోలేదు, పొగరుబోతునయ్యాను. అంటే ఆ శనివారం నేను నిజంగానే లైటు ఆపకుండా పోయుంటే, సోమవారం ఔను సార్ అనేవాణ్ణి. ఇవాళ బండి నా దగ్గరే ఉండేది."

"నా షాపులో ఉండు నిదానం, నేనూ పెద్దవాణ్ణవుతున్నాను," అన్నాడు మేస్త్రి.

"నాకు తోలడం వచ్చు మేస్త్రీ. విప్పడం రాదు." అతను లేచి, ఆయన భార్యతో "వస్తానమ్మా" అని, మెట్టు దిగి, రోడ్డుకు అటూ ఇటూ చూసి, రెండు బండ్లను పోనిచ్చి, అప్పుడు దాటాడు.

ఆమె తొడుగులు వేసుకుంటూ ఏడ్చింది. మేస్త్రి ఓదార్చే ప్రయత్నం చెయ్యలేదు. ఏమని ఓదారుస్తాడు?

*

గురువారం పొద్దున ఎవరో ఇంజనీరు గారు ఫోన్ చేశారు. డాక్టరు గారు నంబరు ఇచ్చారట. ఇంటి ముందు కారు లేవడం లేదు, ఆఫీసులో మీటింగు ఉంది, వెంటనే రావాలన్నారు.

మేస్త్రి వెళ్ళాడు. స్విచ్చులన్నీ చూశాడు, మీటరు పెట్టి చూశాడు. ఈ బండికి నిజంగానే ముసలి బ్యాటరీ. ప్రస్తుతానికి బండి లేపి పంపిద్దామని తన బ్యాటరీ పక్కన పెట్టి వైర్లు విప్పాడు. ఇంజనీరు గారు సీట్లో కూర్చుని, డోరు తెరిచే ఉంచి, హుషారుగా మాట్లాడుతున్నారు.

"మీ గురించి మా వాకింగు బృందంలో అందరికీ తెలుసు. డాక్టరు గారు రోజూ చెబుతారు. తన తప్పు తనే వచ్చి ఒప్పుకున్న మెకానిక్‌ను ముప్పై ఏళ్ళలో చూడలేదన్నారు. డిక్కీ రబ్బరు కథ మొత్తం చెప్పారు. మా బండ్లన్నీ ఇక మీకే."

మేస్త్రి ఎర్ర క్లిప్పు తన బ్యాటరీకి తగిలించాడు, రెండో ఎర్ర క్లిప్పు కారు బ్యాటరీకి తగిలించాడు. నల్లది ఒకటి తన బ్యాటరీకి తగిలించాడు.

"డ్రైవరు గురించి ఏమన్నారు సార్?" అన్నాడు.

"ఏ డ్రైవరు?" అన్నారు ఇంజనీరు గారు.

నాలుగో క్లిప్పు మేస్త్రి చేతిలో ఉంది. దాన్ని ఇంజను ఇనుముకు తగిలిస్తే బండి లేస్తుంది, ఆయన వెళ్ళిపోతారు. సాయంత్రం వాకింగులో ఇంకోసారి రబ్బరు కథ చెప్పుకుంటారు. మేస్త్రి దాన్ని తగిలించలేదు. చేత్తోనే పట్టుకుని డోరు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నాకు టైమైపోతోందయ్యా," అన్నారు ఇంజనీరు గారు.

"తెలుసు సార్. ఎక్కువసేపు పట్టదు," అన్నాడు మేస్త్రి. "ఒకతను శనివారం మధ్యాహ్నం బండి తెచ్చి పెట్టాడు. లైట్లన్నీ ఆపాడు. చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు."